తిరిగొచ్చిన అక్షరాలు

గుంటూరు మిర్చి యార్డుకి పోయే దారిలో ఉంది ఆ కోల్డ్ స్టోరేజీ. మిరపకాయల ఘాటు లోపలికి రాకుండా ఆఫీసు కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచుతారు. పొద్దు గూకకముందే గదిలో చీకటి. కంప్యూటర్ తెర ఒక్కటే పచ్చగా వెలుగుతోంది.

దాన్ని బిగించింది నేనే. లారీ కాటా మీది తూకం తీగ వెంట వచ్చి తెర మీద పడాలి. పడుతోంది, తప్పుగా. యజమాని వెంకటనారాయణ గారు మొదటిసారి పిలిస్తే వచ్చి, కంప్యూటర్ పెట్టె విప్పకుండానే తేల్చేశాను.

"మిషన్ బానే ఉందండి. అంకెలు మార్చేది మనిషే."

ఆ మనిషి ఆపరేటర్ సంతోషకుమారి. "మీరే ఒకసారి విప్పి చూడండి సార్," అని బతిమాలింది. నేను టీ తాగుతూ కూర్చున్నాను. హమాలీలందరి ముందూ దొంగ అనిపించుకుని వెళ్లిపోయింది. ఆదివారం సాగర్ కాలువలో శవమై తేలింది.

ఆమె పోయినా తూకాలు తప్పుతూనే ఉన్నాయి. మళ్లీ కబురొచ్చింది. ఈసారి పెట్టె విప్పాను. కాటా తీగ తగిలించిన కార్డుకీ, రసీదుల ప్రింటర్ కార్డుకీ ఒకే నంబరు పెట్టి ఉంది. రెండిళ్లకి ఒకే డోర్ నంబరు వేస్తే ఉత్తరాలు ఏ ఇంటికి చేరతాయి? ఆ నంబరు పెట్టిన ఘనుణ్ణి నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఎవరూ చూడకముందే గబగబా నంబరు మార్చేశాను. సరిచూడటానికి, కాటా తీగ తీసి, ఆ పోర్టులో మాట వెళ్లే పిన్నునీ వచ్చే పిన్నునీ చిన్న తీగతో కలిపాను. అలా కలిపితే మనం కొట్టిన అక్షరాలే మనకి తిరిగొస్తాయి. హలో అని కొట్టాను. హలో అనే వచ్చింది.

కీబోర్డు మీంచి చేతులు తీశాను...

తెర మీద అక్షరాలు పడుతున్నాయి. ఒక్కొక్కటే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట.

మీరే.

ఆ చిన్న తీగ పీకేశాను.

మీరే... మీరే...

"తప్పు ఎవరిదయ్యా, రసూల్?" తలుపు దగ్గర వెంకటనారాయణ గారు.

నాదేనని చెప్పాలి. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల మీద పడ్డ మచ్చ పోతుంది. నోరు తెరిచాను.

"కార్డు పోయిందండి..." అని గొణిగాను.

ఆయన నన్ను చూడటం లేదు. నా వెనకున్న ఆపరేటర్ కుర్చీ వైపు చూస్తున్నారు.

"ఎప్పుడొచ్చావమ్మా?" అన్నారు గుసగుసగా.

వెనక్కి తిరగడానికి నాకు మొహం చెల్లలేదు. కుర్చీ కిర్రుమంది. తెర మీద మాట మారింది.

చూడండి.