కార్డు లేని నాలుగు శనివారాలు

ఆ శనివారం మధ్యాహ్నం ఆకాశం కురవనూ లేదు, వెలవనూ లేదు. పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఇళ్ల కప్పుల మీదికి వేలాడుతూ ఉంది. అలాంటి పూట, లేత్ మిషన్ మీద పనిచేసే ఇరవై ఆరేళ్ల కుర్రవాడొకడు చొక్కా జేబులో వెర్నియర్ కాలిపర్, చేతిలో స్టీలు స్కేలు పెట్టుకుని కంప్యూటర్ విడిభాగాల కొట్టు మెట్లెక్కాడు.

చిన్నప్పుడు అతని బడి పక్కన గేమ్స్ సెంటర్ ఉండేది. లోపల గంట కూర్చునే స్తోమత ఏనాడూ లేదు గనక అద్దానికి ముక్కు ఆనించి, ఇంకొకళ్లు ఆడుతుంటే చూసేవాడు. ఊపిరికి అద్దం మసకబారితే మోచేత్తో తుడుచుకుని మళ్లీ చూసేవాడు. తండ్రి పోయాక జీతం మొత్తం తల్లి చేతిలో పెట్టడం అలవాటైంది. ఓవర్‌టైము మాత్రం తనకి. దానితో గేములాడే కంప్యూటర్ ఒకటి, వారానికో భాగం చొప్పున కొని, తన చేతులతోనే బిగించుకోవాలని పట్టుదల.

కౌంటర్ మీద పాత గ్రాఫిక్స్ కార్డు కనిపించింది. ఎవరినీ అడక్కుండా వెర్నియర్‌తో మందం చూశాడు, స్కేలు పెట్టి పొడవు చూశాడు.

"హలో! దానికి జాకెట్టు కుట్టిస్తున్నారా?"

కౌంటర్ వెనక సోల్డరింగ్ చేస్తున్న అమ్మాయి తలెత్తింది. ఆ కొట్టు ఆమె మావయ్యది. రిపేర్లన్నీ ఆమెవి.

"కొనబోయే కేబినెట్‌లో పడుతుందో లేదో అని."

"డబ్బా మీద రాసుంటుంది కదండీ."

"రాసింది నమ్మను. కొలిస్తే నమ్ముతాను."

"అబ్బో! మనుషుల్ని కూడా ఇలాగే నమ్ముతారా?"

అతను స్కేలు గబగబా వెనక్కి తీసుకున్నాడు.

"మావయ్యా, ఇలా చూడు, వెర్నియర్ గారొచ్చారు," అందామె. ఆ పేరు ఆ రోజే ఖాయమైపోయింది.

ఆ తరవాత ఆరు శనివారాలు ఆరు భాగాలు. రంగురంగుల లైట్లున్న కేబినెట్ దగ్గర అతని కాళ్లు ఆగితే, "లైట్లు వెలిగితే గేము పరిగెడుతుందా? ఈ రేకు డబ్బా తీసుకోండి, గాలి బాగా ఆడుతుంది," అని పక్కకి లాగింది. పవర్ సప్లై దగ్గర అతను చవకది చూపిస్తే కసిరింది. "మిగతా అందరికీ తిండి పెట్టేది ఇదే. దీని దగ్గర పిసినారితనం చేస్తే అన్నీ కలిసి ఒకేసారి పోతాయి. మంచిది తీసుకోండి, చెప్తున్నా." మూడో వారం మదర్‌బోర్డు. ర్యామ్ దగ్గర, "పెద్దది ఒక్కటి ఎందుకు? చిన్నవి రెండు పెట్టండి. జోడీగా ఉంటే పని చురుగ్గా..." అని మధ్యలోనే ఆపేసి, ఎందుకో స్క్రూడ్రైవర్ వెతకడం మొదలుపెట్టింది. అది ఆమె చేతిలోనే ఉంది.

అతను ప్రతిదానికీ "ఆఁ" అనేవాడు. ఇంటికెళ్లే దారిలో మాత్రం ఆమెకు చెప్పాల్సిన జవాబులు వరసగా తట్టేవి. అవన్నీ బస్సులోనే దిగిపోయేవి.

ఆరో శనివారం ప్రాసెసర్ కొన్నాడు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు ఏదో వివరించింది. మణికట్టు దగ్గర సోల్డరింగ్ ఇనుము అంటుకున్న మచ్చ ఉంది, అప్పుడే వాడిన పూరేకు రంగులో. ఎన్నాళ్ల కిందటిదో, నొప్పి పెట్టిందో, ఎవరైనా మందు రాశారో అనుకుంటూ నిలబడ్డాడు. ఆమె పెదవులు ఆగాయి. అతను "ఆఁ" అన్నాడు.

"సరే మరి. వచ్చే శనివారం తప్పకుండా రండి."

ఆదివారం మధ్యాహ్నం టేబుల్ మీద గుడ్డ పరిచి అన్నీ బిగించాడు. ఒక్క స్క్రూ పక్కకి పోలేదు. వర్క్‌షాప్ ఆఫీసులో మూలపడిన మానిటర్ అడిగి తెచ్చుకుని, దాని తీగ బోర్డుకి తగిలించి స్విచ్ వేశాడు. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. 'సిగ్నల్ లేదు' అని ఒక్క ముక్క వచ్చింది, అదీ ఆరిపోయింది.

పదిసార్లు ఆపి వేశాడు. కొత్త ప్లాస్టిక్ వేడెక్కిన వాసన వస్తే అది కాలిన వాసనే అనుకున్నాడు.

"ఏమైందిరా?" కుట్టుమిషన్ దగ్గర్నించి తల్లి అడిగింది.

"ఏం లేదు."

కంప్యూటర్ మీద దుప్పటి కప్పేశాడు. పోయిన మనిషికి కాళ్లు కనపడకుండా కప్పినట్టు, నాలుగు మూలలూ సర్ది మరీ కప్పాడు.

తర్వాతి శనివారం వెళ్లలేదు. ఏమని వెళ్తాడు? నూలుపోగంత తేడా రాకుండా ఇరుసులు తిప్పే చేతులు, ఆరు వారాల కష్టాన్ని ఒక్క పూటలో తగలబెట్టాయని చెప్పుకోవాలా? ఆమె నవ్వితే భరించలేడు. జాలిపడితే అసలే భరించలేడు. రెండో శనివారమూ వెళ్లలేదు. మూడో వారం ఒక ఇరుసు పాడుచేసి మేస్త్రి చేత తిట్లు తిన్నాడు. ఎనిమిదేళ్లలో అదే మొదటిసారి. ఆ తిట్లు కూడా అతనికి సరిగ్గా తగల్లేదు.

నాలుగో శనివారం బస్సు ఆ కొట్టు ముందు ఆగింది. షట్టర్‌కి కాగితం అంటించి ఉంది: 'కొట్టు ఎత్తేస్తున్నాం.' దిగుదామని సగం లేచాడు. ఏం మొహం పెట్టుకుని? మళ్లీ కూర్చున్నాడు. అతని ఊపిరికి బస్సు అద్దం మసకబారింది. ఈసారి తుడవలేదు. అద్దానికి ఇవతలే తన బతుకంతా అని ఎప్పుడో తెలుసు, ఇప్పుడు నమ్మకం కూడా కుదిరింది.

ఐదో శనివారం ఒంటిపూట పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి టేబుల్ మీద మానిటర్ ఒక్కటే ఉంది. దుప్పటీ లేదు, కంప్యూటరూ లేదు, గోడకి గుచ్చిన కొట్టు బిల్లూ లేదు, తల్లీ లేదు.

వాన మొదలైంది. గొడుగు తీసుకోవాలని కూడా తోచక పరిగెత్తాడు.

కొట్టులో అలమారాలు ఖాళీ. అట్టపెట్టెల మధ్య స్టూలు మీద తల్లి కూర్చుని ఉంది. దుప్పటి ఆమె ఒళ్లో ఉంది. కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి, లోపలికి టార్చి వేసి చూస్తోంది ఆ అమ్మాయి. మావయ్య ఒక మూల పెట్టెలకి తాడు కడుతున్నాడు.

"వచ్చాడమ్మా, వీడే," అంది తల్లి. "నెల్రోజులుగా ఇంట్లో నోరు విప్పలేదు. వీణ్ణి బాగుచెయ్యడం నావల్ల కాదు, కనీసం దీన్నైనా బాగుచేయిద్దామని మోసుకొచ్చా."

"అది కాలిపోయిందమ్మా," అన్నాడు. నీళ్లు కారుతున్నాయి, జుట్టులోంచి.

ఆ అమ్మాయి తలెత్తలేదు. "ఏదీ కాలలేదు. ఇలా రండి. బోర్డు మీద ఈ ఎర్ర చుక్క కనిపిస్తోందా?"

వంగి చూశాడు. ఆవగింజంత లైటు.

"బొమ్మ చూపించే కార్డు లేదు, పెట్టండీ అని చెప్తోందది. ఈ ప్రాసెసర్‌కి సొంతంగా బొమ్మ చూపించే శక్తి లేదు, అందుకే చవక, కార్డు పెట్టేదాకా తెర వెలగదు, కంగారుపడకండి, వచ్చే వారం కార్డిస్తాను అని ఆ రోజు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మీరు ఆఁ అన్నారు. అన్నారా లేదా?"

"అన్నాను."

"మరి?"

"వినలేదు."

"ఎదురుగా నిలబడి వినలేదా? ఏం చేస్తున్నారు?"

తల్లి దుప్పటి మడతపెట్టడం ఆపింది. మావయ్య తాడు లాగడం ఆపాడు.

"మీ చెయ్యి చూస్తున్నాను," అన్నాడు. "అక్కడ కాలిన మచ్చ. అది తగ్గుతుందా లేదా అని."

ఆమె గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత సొరుగు లాగి, కాగితంలో చుట్టిన కార్డు కౌంటర్ మీద పెట్టింది. మొదటి రోజు అతను కొలిచిన కార్డే. మీద పెన్సిలుతో రాసి ఉంది: 'వెర్నియర్ గారిది. ఎవరికీ అమ్మొద్దు.'

"ముగ్గురడిగారు దీన్ని," మావయ్య మూలనించి అన్నాడు. "కొట్టు ఎత్తేస్తున్నాం తల్లీ, ఇచ్చెయ్యవే అంటే నా మీదికి స్క్రూడ్రైవర్ ఎత్తింది."

"నువ్వూరుకో మావయ్యా!" స్విచ్ ఆపి, కార్డు బోర్డులోకి నొక్కింది. టక్కుమంది. "మీరు ఇంకెక్కడో కొనుక్కున్నారనుకున్నాను. కొట్టూ పోతోంది, మీరూ పోయారు. నాకు ఇంకో ఊళ్లో సర్వీస్ సెంటర్లో పని దొరికింది. రేపు పొద్దున బండి. ఆరు గంటల ప్రయాణం." కార్డుకి స్క్రూ బిగించింది. "నాలుగు శనివారాలు, వెర్నియర్ గారూ. నాలుగూ మూసే వేళ దాటినా మీ కోసం షట్టర్ సగం దించి కూర్చున్నాను. వాటిని ఏ స్కేలుతో కొలుస్తారు?"

బస్సులో దిగిపోయిన జవాబుల్లో కూడా దీనికి సరిపోయేది లేదు.

అమ్ముడుపోకుండా మిగిలిన మానిటర్‌కి తీగ తగిలించి ఆమె స్విచ్ నొక్కింది. ఈసారి ఎర్ర చుక్క వెలగలేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు నాలుగు వరసలు వచ్చాయి. గేము కాదు, బొమ్మ కాదు, ఉత్త అక్షరాలు. అతను ఆ వెలుగు చూడలేదు. ఆ వెలుగు పడిన మొహం చూశాడు. రేపటినించి ఇక్కడ ఉండని మొహం.

"రేపు వెళ్లకపోతే?" అన్నాడు మెల్లగా.

"జీతం మావయ్య కళ్ల ఆపరేషన్‌కి కావాలి. వెళ్లాలి."

"అయితే నేనొస్తాను. ప్రతి వారం."

"మొదటి నెల వస్తారు. రెండో నెల వస్తారు. ఆ తర్వాత..."

"రాకేం చేస్తాడు?" తల్లి దుప్పటి పక్కన పెట్టింది. "కంప్యూటర్ అయిపోయిందిగా, ఇక ఆ ఓవర్‌టైము డబ్బులు టికెట్లకి. ఒకవేళ వీడు రాకపోతే, ఇదిగో, దీన్ని మోసినట్టే వీణ్ణీ మోసుకొచ్చి నీ ముందు పడేస్తా. నువ్వు మాత్రం ఏదైనా చెప్పేటప్పుడు చేతులు వెనక పెట్టుకుని చెప్పమ్మా."

ఆ అమ్మాయి నవ్వబోయింది. నవ్వు సగంలో ఏడుపైంది. మణికట్టుతో కళ్లు తుడుచుకుంటే ఆ మచ్చ తడిసింది. అది ఇంకా తగ్గలేదు.

తల్లి సంచిలోంచి పొడుగాటి రొట్టె, రెండు ఉడికిన గుడ్లు తీసింది. ఇద్దరికని తెచ్చింది, తినాల్సింది నలుగురు. కత్తి పెట్టెల్లో ఎక్కడో సర్దేశారు. అతను స్టీలు స్కేలు తీసి, చొక్కా అంచుకి తుడిచి, దానితోనే రొట్టె కోశాడు. కొలవకుండా కోశాడు. నాలుగు ముక్కలూ నాలుగు రకాలుగా వచ్చాయి. పెద్దది ఆమె ముందు పెట్టాడు.

బయట వాన పడుతూనే ఉంది. కట్టిన పెట్టెల మీద కూర్చుని నలుగురూ తిన్నారు.