సినిమా హాలు మలుపులో పసుపు దీపం

ఊరి చివర మూతబడ్డ సినిమా హాలు ఒకటుంది. చీకటి పడితే ఆ మలుపు వైపు ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. టిక్కెట్ల కిటికీలోంచి ఎవరో చూస్తారని కొందరు... చల్లటి చెయ్యి ఒకటి బయటికొస్తుందని ఇంకొందరు. నాకు తెలిసి ఆ చేతికి చిక్కింది మా బాబాయ్ ఒక్కడే. ఆయన చెప్పిందే చెబుతున్నాను, కాస్త కోతలు తగ్గించి.

బాబాయ్‌కి సొంత వ్యాను ఉంది. బేకరీ రొట్టెలు కొట్లకి వేస్తాడు. పగలంతా పక్క వీధుల్లోనే ఆగి ఆగి తిరుగుతాడు. సాయంత్రం ఏడింటికి మాత్రం హాలు మీదుగా దూరపు ట్రిప్పు.

ఒకరోజు మలుపు తిరిగాడు. సరిగ్గా టిక్కెట్ల కిటికీ ఎదురుగా — డాష్‌బోర్డు మీద పసుపు దీపం! ఇంజిన్ బొమ్మ. బండి ఒక్క కుదుపు కుదిపింది...

వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అదే కిటికీ... అదే దీపం.

వారం తిరిగేసరికి పిన్నికి నిద్ర కరువైంది. వ్యాను అమ్మేద్దామనుకున్నారు. ఆదివారం కొనేవాడు వస్తానన్నాడు. ఆ తర్వాత బాబాయ్ మళ్లీ బేకరీలో పిండి బస్తాలు మోయాలి. వంగితే లేవలేని ఆ నడుముతో!

శుక్రవారం బాబాయ్, బేకరీ పక్కనే మా అక్క నడిపే మెకానిక్ షెడ్డుకి వచ్చాడు.

"లైటు వెలిగితే లోపం ఏంటో బండి ఒక కోడ్ రాసుకుంటుంది. అదేం చూపించింది బాబాయ్?"

"ఏమో తల్లీ. చిన్న మిషన్ కొన్నాగా... రోజూ పొద్దున్నే తగిలించి చెరిపేస్తాను. ఇవాళా చెరిపేశా."

"చదవకుండానే?"

"దెయ్యం రాసింది చదవమంటావా?"

అక్క తల పట్టుకుంది. "వచ్చిన ఉత్తరం విప్పకుండా చింపేస్తున్నావు. సరే, బేకరీ నుంచి ఆ కిటికీ దాకా ఎన్ని నిమిషాలు?"

"పన్నెండు."

ఆ సాయంత్రం అక్క కూడా ఎక్కింది. బేకరీ నుంచి హాలు వైపు కాదు, ఎదురు దారి పట్టించింది. వాచీ చూస్తూ కూర్చుంది.

పది... పదకొండు... పన్నెండు —

పసుపు దీపం!

బాబాయ్ బ్రేకు తొక్కాడు. తలెత్తి చూస్తే ఎదురుగా ఆయన అత్తగారిల్లు.

"ఇక్కడా దెయ్యం ఉందా బాబాయ్?" అక్క గుసగుసలాడింది.

"ఉందని పెళ్లయిన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నా!"

ఆ ఇంటి కిటికీ వెనక ఏదో కదిలింది. బాబాయ్ బండిని పరుగెత్తించాడు.

షెడ్డులో అక్క మొదటిసారిగా కోడ్ చదివింది. ఇంజిన్ వేడి కొలిచే సెన్సార్. తెల్లారాక దాన్ని విప్పి, మీటరు తగిలించి, వేడి నీళ్లలో ముంచింది. నీళ్లు మరుగుతున్నకొద్దీ మీటరులో అంకెలు పిచ్చిగా గెంతాయి.

"ఇదీ నీ దెయ్యం. ఆగకుండా పోతే పన్నెండు నిమిషాలకి ఇంజిన్ బాగా వేడెక్కుతుంది. అప్పుడు ఇది అబద్ధాలు మొదలెడుతుంది. పక్క వీధుల్లో ఆగి ఆగి తిరిగితే అంత వేడి ఎక్కదు, అందుకే పగలు బుద్ధిగా ఉంటోంది."

వేలెడంత కొత్త సెన్సార్ బిగించింది. పాత కోడ్ చెరిపింది.

శనివారం సాయంత్రం రొట్టెల ట్రేలన్నీ షెడ్డులోనే ఎక్కించుకుని ఇద్దరూ బయల్దేరారు. హాలు మలుపు. పదకొండు... పన్నెండు... టిక్కెట్ల కిటికీ.

దీపం వెలగలేదు.

బాబాయ్ బండి ఆపాడు. కళ్లు తడిశాయి. స్టీరింగ్ నిమిరాడు. "నిన్ను అమ్ముకోబోయానే..."

అప్పుడు — వెనక చీకట్లో ట్రేలు కదిలాయి.

చల్లటి చెయ్యి ఒకటి ఆయన భుజం మీద పడింది.

"అల్లుడుగారూ... మా ఇంట్లో దెయ్యం ఉందన్నారట..."

బాబాయ్ పెట్టిన కేకకి హాల్లోంచి పావురాలు గుంపుగా లేచిపోయాయి. అక్క పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆవిణ్ణి షెడ్డులో ట్రేల వెనక కూర్చోబెట్టింది తనే.

"మా అమ్మాయి వారం నుంచి నిద్రపోలేదు. బండి బాగైందో లేదో కళ్లారా చూద్దామని ఎక్కాను" అంది అత్తగారు తాపీగా. "అయినా మీ గుసగుసలు వీధి చివరికి వినిపిస్తాయి బాబూ."

ఆదివారం వచ్చినవాడు వట్టి చేతులతో తిరిగి వెళ్లాడు. ఇప్పుడు బాబాయ్ హాలు ముందునుంచి ఈలేసుకుంటూ పోతాడు. అత్తగారింటి ముందు మాత్రం... ఈల ఆపేస్తాడు.