పది మిల్లీమీటర్ల అసూయ

ఉదయం ఎనిమిదిన్నరకల్లా నిఘా సంస్థలో బ్రీఫింగ్ అయిపోయింది.

రహస్య కోడ్‌ల విభాగం అధిపతికి పదింటికి మోకాలి ఆపరేషన్. దెబ్బతిన్న కార్టిలేజ్ తీసేసి, ఆ గుంటలో మెత్తటి జెల్ ప్లగ్ బిగిస్తారు. ఆ ప్లగ్‌లో ట్రాన్స్‌మిటర్ దాచాలని ఒక విదేశీ ముఠా ప్లాన్. కోడ్ రూములోకి ఫోన్ వెళ్ళదు, వాచీ వెళ్ళదు. మోకాలు మాత్రం వెళుతుంది కదా.

"కంగారేం లేదు. ముఠాలో మన మనిషి ఉంది. ఆ సరుకు వచ్చే వారంగానీ రాదంది," అన్నాడు చీఫ్.

మన మనిషి అంటే ఇలాంటి ఇంప్లాంట్లు అమ్మే కంపెనీ రెప్ వేషంలో తిరిగే అందగత్తె. కోడ్ నేమ్ సంపెంగ. ఆ పేరు వింటేనే ఏజెంట్ తొమ్మిదికి ఒళ్ళు మంట. ఎందుకంటే ఆపరేషన్ చేసే సర్జన్ స్వయానా ఈ ఏజెంట్ మొగుడు. పెళ్ళాం ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫైళ్ళు చూస్తుందనుకునే అమాయకుడు. నెల రోజులుగా ఇంట్లో సంపెంగ వేసిన జోకులు చెప్పి తనే నవ్వుకుంటున్నాడు.

సంపెంగను నమ్మొద్దంది ఏజెంట్. కారణం అడిగాడు చీఫ్. ఆ నవ్వు బాగాలేదంది.

"పోయినసారి మీ ఆయన దగ్గర పనిచేసే ఫిజియోథెరపిస్టునూ గూఢచారి అన్నావు. అది రిపోర్టు కాదమ్మాయ్, నీ ఏడుపు. ఇంకో తప్పుడు అలారం కొట్టావంటే ఫీల్డ్ నుంచి తీసేస్తా."

పదింటికి ఆమె కాపలా డ్యూటీ మీద నర్సు వేషంలో ఆపరేషన్ థియేటర్‌లో ఉంది. మాస్కు, టోపీ, రంగు లెన్సులు. మొగుడు రెండుసార్లు చూసి కూడా గుర్తుపట్టలేదు. అదీ ఓ బాధే.

సంపెంగ స్టెరైల్ బల్లకు దూరంగా నిలబడి లేజర్ పాయింటర్‌తో పరికరాలు చూపిస్తోంది. రెప్‌లు దేన్నీ ముట్టుకోకూడదు, అందుకే ఆ ఏర్పాటు. వాళ్ళ సంచీలో అన్ని సైజుల పెట్టెలూ ఉంటాయి. గుంట శుభ్రం చేసి కొలిచాకే ఏది విప్పాలో సర్జన్ చెబుతాడు.

సర్జన్ ఇంకా కొలవనే లేదు. సంపెంగ చేతిలో అప్పటికే పది మిల్లీమీటర్ల పెట్టె ఉంది.

కొలిచాడు. "పన్నెండు."

"పది చాలు డాక్టర్ గారూ. నన్ను నమ్మండి."

ప్లగ్ వదులైతే ఊడి వస్తుందని సొంత గురువుతోనే గొడవపడ్డ మనిషి ఆయన. ఇంట్లో కర్టెన్ల రంగు దగ్గర కూడా పెళ్ళాం మాట విననివాడు.

"సరే, మీ ఇష్టమండీ," అన్నాడు.

 ఆరేళ్ళ కాపురంలో ఒక్కసారి ఏజెంటుతో అన్నాడా ఆ మాట? ఆ మంటను పక్కకు నెట్టినా ఇంకోటి మిగిలింది. కొలవకముందే పెట్టె తీసే రెప్ ఉండదు. ట్రాన్స్‌మిటర్ దాచింది ఆ ఒక్క పెట్టెలోనే అయితే తప్ప. లేక తన ఏడుపే ఇలా లాజిక్ అల్లుతోందా?

ప్లగ్, దాన్ని గుంటలోకి దించే గొట్టం చివరికి వచ్చింది. గొట్టం మోకాలి మీదికి వంగింది.

ఏజెంట్ గ్లవ్ తీసేసి, ఉత్త చేత్తో ప్లగ్‌ను పట్టేసుకుంది.

ఉత్త చెయ్యి తగిలిన ఇంప్లాంట్ ఇక చెత్తబుట్టకే. బయటికి పొమ్మని సర్జన్ కసిరాడు. ఆమె ప్లగ్‌ను వేళ్ళ మధ్య నలిపింది. జెల్ చిట్లి, సన్నటి బంగారు తీగ బయటపడింది. సంపెంగ తలుపు వైపు దూకింది. ఏజెంట్ కాలు అడ్డం పెట్టింది. సంపెంగ పడటం కూడా తన మోకాలి మీదే పడింది.

ఆసుపత్రి స్టోర్ నుంచి పన్నెండు మిల్లీమీటర్లది తెప్పించి సర్జన్ పని పూర్తి చేశాడు.

సాయంత్రం మొగుడు సోఫాలో కూలబడి జరిగిందంతా పెళ్ళానికి చెప్పాడు. రెప్ ఊసే ఎత్తలేదు.

"ఆ నర్సు ఉంది చూడూ, ఏం తెగువ! ఆ కళ్ళయితే మర్చిపోలేకపోతున్నా. రేపు ఎవరో కనుక్కోవాలి."

ఏజెంట్ అతని ముందున్న కాఫీ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, చీఫ్‌కు మెసేజ్ పెట్టింది: ఆ నర్సును ఈ పూటే ఎక్కడికైనా ట్రాన్స్‌ఫర్ చేసెయ్యండి సార్.