నాకల తలుపు పాట

ఇబ్రహీంపట్నం దాటి కోహెడ దిక్కుకు పోయే బండ్లబాట మీద, ఊరికి పావు కోసు దూరంల ఒక రాతి కట్టడం ఉండేది. ఒకప్పుడు అది కరోడ్గిరి నాకా. పట్నం నుంచి వచ్చిపోయే సరుకుల మీద నిజాం సర్కారు సుంకం వసూలు చేసిన చోటు. నాకా వేరేతానికి పోయినంక ఆ కట్టడం ఉత్తగనే పడి ఉన్నది. ఒకటే పెద్ద అర్ర. ఒకటే తలుపు. కిటికీ అంటె చూరు కింద జానెడు సందు.

పొద్దుగూకినంక ఆ బాట ఎవ్వలు పట్టకపోయేది. పట్నంల సరుకు దించి వచ్చే బండ్లోళ్లు, చీకటైతె హయత్‌నగర్లనే పండుకొని తెల్లారినంక బయలెల్లేది.

"అక్కడ పాట వినొస్తది" అనేటోళ్లు.

పాడేది ఎవలు? తెల్వది. ఆడగొంతా, మగగొంతా? అదీ తెల్వది. ఒక్క ముచ్చట మాత్రం అందరూ చెప్పేది — ఆ పాట ఆగిందాక నిలబడి విన్న మనిషి, ఇంటికైతె వస్తడు గని, మల్ల మునుపటి మనిషి కాడు.

గసొంటి చోటుకు హార్మోనియం మోసుకొని పోయిండు యోహాను పంతులు. ముసలితనంల ఆయన తన నోటితోనే చెప్పిన సంగతి ఇది. విన్నది విన్నట్టు చెప్తున్న.

ఫసలీ పదమూడువందల నలభై ఏడు, అంటె ఇంగ్లీషు లెక్కల పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిది. యోహానుకు అప్పటికి ముప్పై నిండలేదు. మిషన్ బడిల పంతులు. ఆదివారం చర్చిల హార్మోనియం వాయించేటోడు. దయ్యాలంటె నవ్వేటోడు. భార్య సుసన్న మాత్రం నవ్వకపోయేది.

ఊర్ల పటేలింటి సంజీవరెడ్డి కొత్తగ గ్రంథాలయం పెట్టిండు. నాలుగు బీరువాల పుస్తకాలు, పది మంది పోరగాండ్లు. తెలుగుల ఒక సంగీత నాటకం ఆడాలె, ఊరంతా కూసోని చూడాలె — గదే ఆయన పట్టు. అందరు ఆడే నాటకాలు వద్దన్నడు. తాత సందుగుల దొరికిన చేతిరాత పుస్తకం ఒకటి తెచ్చి యోహాను ముంగట పెట్టిండు. "రత్నగంధి నాటకం" అని దాని పేరు.

"ఎన్నడు వినలేదే" అన్నడు యోహాను.

"ఎవ్వలు వినలేదు పంతులూ. గందుకే ఆడాలె. ఎన్కట ఒక మేళం మా ఇంటి ముంగట ఆడుతమని ఈ పుస్తకం ముందుగాల పంపిన్రట. మేళం మాత్రం రాలేదట."

"ఎందుకు రాలే?"

"ఏమో. మా తాత ఆ ముచ్చట ఎత్తకపోయేది."

కథ బాగుంది. పద్యాలు బాగున్నయ్. పాటలకు పైన రాగం పేర్లు రాసి ఉన్నయ్ కాబట్టి యోహాను ఒక్కొక్కటి పట్టుకొచ్చిండు. కష్టమంతా ఒక్క పాట కాడ వచ్చింది. ఆఖరి అంకంల రత్నగంధిని కోటల పెట్టి తాళం వేస్తరు. ఆమె తలుపవతలున్న కావలోనిని బతిమాలుకుంట పాడుతది. ఆ పాటకు రాగం పేరు లేదు. "మన వరుస" అని మాత్రం రాసి ఉన్నది. ఆ మేళపోళ్లకు తప్ప వేరేటోళ్లకు తెల్వని వరుస అన్నట్టు.

*తలుపు తీయవయ్య ద్వారపాలకా,*
*తెల్లవారకముందె తలుపు తీయవా...*

ఆ పాట నిలబడకుంటె నాటకమే పడిపోతది. రత్నగంధి వేషం వేసేది దశరథ, ఊర్ల దర్జీ. సన్నటి గొంతు, ఆడోళ్లు కూడ అసూయపడే నడక. యోహాను కట్టిన ఏ వరుస పాడినా దశరథ నోట్ల అది అతకలేదు. "ఈ పాట నన్ను ఒప్పుకుంటలేదే పంతులూ" అని దిగులుపడేది.

దినాలు దగ్గరవడ్డయ్. ఆ రోజుల్ల పదిమంది ఒకతాన కూడాలంటెనే సర్కారు ఇజాజత్ కావాలె. పోలీసు అమీన్‌సాబ్ చుట్టు నెల దినాలు తిరిగితె నాటకానికి ఒక్క రాత్రి ఇచ్చిండు. ఆ రాత్రి తప్పితె మల్ల లేదన్నడు. రిహార్సల్ సంగతి ఆయనకు చెప్పనే లేదు. ఊర్ల మద్దెల మోగిస్తె చప్రాసి వస్తడు. ఎవ్వలు రాని చోటు కావాలె...

ఎవ్వలు రాని చోటు ఒక్కటే.

మొదటి మూడు రాత్రులు నాకల ఏం కాలేదు. గబ్బిలాలు తప్ప ఏం లేవు. పోరగాండ్ల భయం కూడ జర తగ్గింది.

నాలుగో రాత్రి. అమాస దగ్గర. కందిలి ఒక్కటే వెలుగుతున్నది. మిగతా పాటలన్ని అయినంక తలుపు పాట కాడికి వచ్చిన్రు. యోహాను కొత్త వరుసొకటి వాయించిండు. దశరథ ఎత్తుకున్నడు. రెండు ముక్కలు పాడి ఆగిండు.

"కాదే పంతులూ..."

యోహాను హార్మోనియం మెట్ల మీదికెల్లి వేళ్లు తీసిండు. అర్ర నిమ్మళమైంది.

ఆ నిమ్మళంల — పాట.

*తలుపు తీయవయ్య... ద్వారపాలకా...*

అవే మాటలు. వరుస వేరు. సన్నగ, బొంగురుగ, గొంతు ఎండిపోయిన మనిషి పాడినట్టు. తలుపు దిక్కుకెల్లి వస్తున్నది.

యోహాను దశరథ మూతి దిక్కు చూసిండు. దశరథ పెదవులు కదులుత లేవు.

ఎవడో కెవ్వుమన్నడు. అంతే! పది మంది ఒక్కసారే తలుపు మీద పడ్డరు. కందిలి తన్నుకొని బోర్లపడ్డది. యోహాను లేవబోయిండు. గంట సేపు మఠం వేసి కూసున్న కాలు తిమ్మిరెక్కింది, మొద్దు లెక్క పడి ఉన్నది. "ఆగున్రి! నేనున్న!" అని మొత్తుకున్నడు. ఎవలు వింటరు? ఆఖరుకు ఉరికినోడు భయానికి తలుపు గుంజిపోయిండు. బయట ఇనుప గొళ్లెం కొండిల పడ్డ చప్పుడు — టక్కుమని.

నాలుగు దిక్కుల ఉరికిన్రు. ప్రతి ఒక్కడు, పంతులు ఇంకొకనితోని ఉన్నడనే అనుకున్నడు.

చీకటి. కంటి ముంగట చెయ్యి కనబడనంత చీకటి.

పాట ఆగలేదు.

*గొంతు తడియారె గుక్కెడు నీళ్లకై...*
*కోటలోపల నేను కూలిపోతినయా...*

యోహాను పాక్కుంట తలుపు కాడికి పోయిండు. రెండు చేతులతోని గుంజిండు, భుజంతోని నూకిండు. టేకు తలుపు, ఇనుప పట్టీలు. ఇసుమంత కదలలేదు. బైబిలు వాక్యం చదువుకుందమనుకుంటె ఒక్క మాట నోటికి రాలేదు. చెవులు మూసుకున్నడు. చేతులడ్డం పెట్టినా పాట ఆగుత లేదు. పైంగ, ఆ వరుస ఎంత చక్కగ ఆ మాటలకు అతికిందో — భయంల కూడ ఆయన చెవి దాన్ని పట్టుకుంటనే ఉన్నది. వద్దనుకున్నా పట్టుకుంటనే ఉన్నది.

పాట ఆగింది.

తలుపవతల ఎవలో ఊపిరి పీలుస్తున్నరు.

యోహాను తలుపు బాదిండు. "ఎవలు? ఎవలక్కడ? తలుపు తియ్యిన్రి!"

అవతల ఊపిరి కూడ ఆగిపోయింది. చాన సేపటికి... వణుక్కుంట ఒక గుసగుస.

"లోపల ఎవలు?"

మనిషి గొంతు! ముసలి గొంతు. యోహాను పానం లేచొచ్చింది.

"నేను యోహానును! తలుపు తియ్యి!"

"పదకొండు మందిల యోహాను అనేటోడు లేడు" అన్నది ఆ గొంతు. "అందరి పేర్లు నాకెరుకే."

"ఏ పదకొండు మంది? నేను మిషన్ బడి పంతులును. బతికున్న మనిషిని!"

"వాళ్లు గూడ గట్లనే అన్నరు... బతికే ఉన్నమన్నరు."

"తాతా, నీ కాళ్లు మొక్కుత. గొళ్లెం తియ్యి."

"హుకుం లేదు బిడ్డా. తీస్తె గత్తర ఊర్ల పడ్తది. హుకుం లేదు..."

ఆ ముసలి గొంతు ఏడుస్తున్నది. తలుపుకు ఇవతల యోహాను ఏడుస్తున్నడు. ఇద్దరి నడుమ నాలుగంగుళాల చెక్క. ఏం చెప్తె నమ్ముతడు? ఊరి పేర్లు చెప్పిండు. బడిపిల్లల పేర్లు చెప్పిండు. సుసన్న పేరు చెప్పిండు. బాది బాది చేతులు వాచినయ్. గొంతు పిడచగట్టింది. ఆఖరుకు తలుపుకు తల ఆనిచ్చి, ఇగ ఆశ ఇడిసిపెట్టి, తనల తాను అనుకున్నట్టు అన్నడు —

"జర నీళ్లన్న ఇయ్యి తాతా..."

కొంచెం సేపటికి గొళ్లెం కదిలింది.

తలుపు తెరుచుకున్నది. చుక్కల వెలుతుర్ల ఒక బక్క ముసలాయన, కట్టె ఊతం మీద నిలబడి ఉన్నడు. మల్లేశయ్య. చెరువు తూము కాడ గుడిసెల ఒంటిగ ఉండేటాయన. ఊర్ల ఎవలతోని మాట్లాడడు. యోహాను ఆయనను ఎన్నోసార్లు చూసిండు.

ముసలాయన చెయ్యి చాపి యోహాను చెంప ముట్టి చూసిండు. ఎచ్చగున్నదా లేదా అని. ఎచ్చగనే ఉన్నది. అప్పుడు అక్కడనే కూలవడ్డడు.

దయ్యం లేదు, ఏం లేదు. ఇన్నేండ్లు ఊరిని భయపెట్టింది ఈ పిచ్చి ముసలాయన పాటనా! యోహానుకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పక్కన కూసున్నడు.

మల్లేశయ్య మెల్లగ చెప్పిండు. మూసీ పొంగి పట్నం మునిగిన మరుసటి ఏడు. ఆయన నాకల కావలి జవాను. ఒక నాటకాల మేళం వచ్చింది — పదకొండు మంది. పటేలింటి ముంగట ఆడనీకె పోతున్నరు. వాళ్లల్ల ఒకనికి వాంతులు పట్టినయ్. గత్తర, అంటె కలరా. ఊర్లకు రానియ్యద్దని, లోపల పెట్టి గొళ్లెం వెయ్యమని హుకుం ఇచ్చింది పటేలు. సంజీవరెడ్డి తాత.

"మొదటి రాత్రి పాట ఇనబడ్డది బిడ్డా. తలుపు తీయవయ్యా అని. నాటకపోళ్లు గద, పాట నేర్చుకుంటున్నరనుకున్న. మంచిగ పాడుతున్నరని... తలుపుకు ఆనుకొని ఇన్న." ముసలాయన తలుపు చెక్క మీద చెయ్యి ఆనిచ్చిండు. "రెండో రాత్రి గూడ పాటనుకున్న. మూడో రాత్రికి ఒక్క గొంతే ఉన్నది. అప్పుడు తెలిసింది, అది పాట గాదని. హుకుం కోసం పటేలింటికి ఉరికిన. పండుకున్నడు, లేపద్దన్నరు. తిరిగొచ్చేవరకు చప్పుడు లేదు."

యోహాను ఎనుకకు తిరిగి, తెరిచున్న తలుపుల నుంచి లోపలి చీకటి దిక్కు చూసిండు.

"ఆ పాట మొదలైతె నాకు గుడిసెల పాణం నిలువదు బిడ్డా. ఉరికొస్త. వచ్చి ఏం జేస్త? ఈ తలుపు కాడ నిలబడుత. తెల్లారినంక పోత. తియ్యనీకె ధైర్యం రాలే... ఇయ్యాల్టిదాక."

యోహాను ఆయనను గుడిసెదాక తోలి, నీళ్లు తాగిపిచ్చి, తెల్లవారుజామున ఇల్లు చేరిండు. సుసన్న అడిగితె ఏం చెప్పలేదు. మొకం కడుక్కోక ముందే హార్మోనియం ముంగట కూసున్నడు. ఆ వరుస వేళ్ల మీదికి దానంతట అదే వచ్చింది. సాయంత్రం దశరథకు నేర్పిండు. దశరథ ఒక్కసారి వినంగనే పాడిండు.

"ఇప్పుడు ఒప్పుకున్నదే పంతులూ!" అన్నడు.

తాత పటేలు ఇచ్చిన హుకుం సంగతి సంజీవరెడ్డికి చెప్పాల్నని యోహాను రెండుసార్లు పోయిండు. రెండుసార్లు ఆయన మొకంల సంబురం చూసి ఎనుకకొచ్చిండు. చెప్పి ఏం లాభం? చెప్పక ఏం లాభం? ఆ పదకొండు మందికి ఇగ ఎవలు ఏం చేస్తరు?

నాటకం నాడు పటేలింటి ముంగిలి జనంతోని నిండింది. అమీన్‌సాబ్ కుర్చీల కూసున్నడు. యోహాను మల్లేశయ్యను చెయ్యి పట్టుకొని తోలుకొచ్చి అందరికంటె ముంగట గోనెపట్ట మీద కూసోబెట్టిండు.

ఆఖరి అంకం వచ్చింది. దశరథ తలుపు పాట ఎత్తుకున్నడు. మామూలుగ మంచి పాటకు జనం వన్స్‌మోర్ అని అరుస్తరు. ఈ పాటకు ఎవ్వలు అరవలేదు. ఆడోళ్లు కొంగులు నోట్లె కుక్కుకున్నరు. తెలుగు రాని అమీన్‌సాబ్ కూడ టోపీ తీసి ఒళ్లె పెట్టుకున్నడు. మల్లేశయ్య మాత్రం ఏడువలేదు. నోరు తెరుచుకొని యోహాను దిక్కే చూస్తున్నడు.

తెర పడ్డది. జనం లేస్తున్న చప్పుడు. కట్టె టకటకలాడుకుంట మల్లేశయ్య తెర ఎనుకకు వచ్చిండు.

"ఆ వరుస... గదే వరుస! నీకెవలు నేర్పిన్రు బిడ్డా?"

యోహాను నవ్విండు. "ఎవలేంది తాతా! నువ్వే గద. ఆ రాత్రి తలుపవతల నిలబడి పాడినవ్ గద."

"నేనా? నేను జన్మల పాట పాడలే బిడ్డా. ఆ రాత్రి తూము కాడికి పాట ఇనొస్తె ఉరికొచ్చిన. నువ్వు తలుపు బాదినంక... లోపల పాడింది నువ్వేననుకున్న."

యోహాను తల అడ్డంగ ఊపిండు.

ముసలాయన చెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నది.

"నువ్వు గాదా... బిడ్డా?"