సీజర్ చెయ్యి పట్టుకున్నవాడు

ఆ రోజు ఆఫీసులు తెరిచేలోపే సీజర్‌ను వందమందికి పైగా పొడిచారు. ఫోన్లో, కత్తి బొమ్మలతోనే లెండి. పోయి రెండు వేల ఏళ్లు దాటినా ఆ మహానుభావుడికి తెరిపి లేదు.

'బాకు బంధువులు' అనే ఆన్‌లైన్ గ్రూపులో రోజూ ఇదే తంతు. సీజర్ మీద కుట్ర పన్నినవాళ్లంటే అక్కడి జనానికి వల్లమాలిన అభిమానం. హీరోల ఫ్యాన్స్ కొట్టుకున్నట్టే బ్రూటస్ గొప్పా, కాసియస్ గొప్పా అని వీళ్లు పొద్దస్తమానం కొట్టుకుంటారు. కాసియస్ బ్రూటస్ చెల్లెల్ని చేసుకున్నాడు కాబట్టి గ్రూపంతటికీ అతను 'బావ'. బావ పుట్టినరోజని ఒకడు కేకు బొమ్మ పెడితే, కోసే కత్తి ఎవరిదని ఇంకొకడు అడుగుతాడు. పనీపాటా లేని కబుర్లే గాని, వాటివల్ల ఎవరికీ హాని లేదు.

అయితే ఆ సందడిలోనే ఒక విదేశీ ముఠా తన మనుషులకు ఆర్డర్లు పంపుతోందని గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు అనుమానం వచ్చింది. అందుకే 'తప్పు సిన్నా' అనే మారుపేరుతో గ్రూపులో ఒక ఏజెంటును దింపారు. కుట్రదారు సిన్నా అనుకుని జనం పొరపాటున చంపేసిన అమాయకపు కవి పేరది. ఏజెంటు అసలు పేరు ఆఫీసులో ఎవరూ పలకరు. మొహంలో ఒక్క ముడత కూడా కనబడదని అందరూ 'ఇస్త్రీ' అంటారు.

ఒకప్పుడు ఇస్త్రీ నవ్వేవాడే. బావమరిది అదే డిపార్ట్‌మెంట్‌లో అతని పార్ట్‌నర్. ఇద్దరూ కలిస్తే క్యాంటీన్ హోరెత్తిపోయేది. ఒక ఆపరేషన్‌లో ఆ కుర్రాడు కారులో పక్కసీట్లోనే పోయాడు. భార్య తమ్ముడి కోసం ఏడ్చి ఏడ్చి మెల్లగా తేరుకుంది. ఇతను ఏడవనూ లేదు, తేరుకోనూ లేదు. కాఫీలో చక్కెర వేశారో లేదో తెలియకుండా తాగేస్తున్నాడు. మనసు మొద్దుబారింది, టైం పడుతుందని డాక్టరు చెప్పాడు. డిపార్ట్‌మెంట్ మాత్రం లోలోపల సంబరపడింది. భయం లేని ఏజెంటు ఊరికే దొరుకుతాడా మరి!

బ్రీఫింగ్ రూములో డిపార్ట్‌మెంట్ పెద్దాయన ప్రొజెక్టర్ ఆన్ చేశాడు. తెర మీద తెల్లజుట్టు మనిషి ఫోటో.

"లెక్కల మాస్టారు. రిటైరైపోయి ఇంట్లో కూర్చుని, ముఠా తన సందేశాలు దాచడానికి వాడే సైఫర్‌ని ఒంటిచేత్తో పగలగొట్టాడు. ఈ రోజు విచారణ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాలి. చెబితే ముఠా మొత్తం లోపలికి పోతుంది."

"చెప్పకపోతే?"

"చెప్పకపోవడమంటూ ఉంటే, చచ్చిపోయాడని అర్థం. ఇంతకుముందు ఇద్దరు సాక్షులు అలాగే పోయారు. ఇద్దరిళ్లకూ గార్డులున్నారు, ఉక్కు తలుపులున్నాయి. ఇద్దరూ తమంతట తాము బయటికి నడిచి వచ్చారు. ఎవరో నమ్మకస్తుడు వచ్చి తీసుకొచ్చాడు. గ్రూపులో ఏముంది?"

"నిన్న 'పాత బాకు' అనేవాడు ఒక పోస్టు పెట్టాడు సార్. పెళ్ళికొడుకు దొరికాడు అని."

"పెళ్ళికొడుకంటే టార్గెట్టా?"

"కాదు సార్. డెసిమస్."

"వాడెవడయ్యా?"

ఇస్త్రీ వివరించాడు. రోమ్ కుట్రలో బ్రూటస్‌లు ఇద్దరు. లోకానికి తెలిసినవాడు ఒకడు. రెండోవాడు డెసిమస్, సీజర్‌కు ప్రాణస్నేహితుడు. ఆ రోజు సీజర్‌కు ఒంట్లో బాగాలేదు, భార్యకు పాడుకల వచ్చింది, సభకు వెళ్లనన్నాడు. ఈ డెసిమస్ ఇంటికెళ్లి, ఆ కలను ఎగతాళి చేసి, సీజర్ చెయ్యి పట్టుకుని సభకు నడిపించుకెళ్లాడు. చెయ్యి పట్టుకున్నాడు కాబట్టి గ్రూపులో అతన్ని పెళ్ళికొడుకు అంటారు.

పెద్దాయన నవ్వబోయి, ఇస్త్రీ మొహం చూసి మానుకున్నాడు.

"అయితే మాస్టారిని ఇంట్లోంచి పిలుచుకొచ్చేవాడు రెడీగా ఉన్నాడన్నమాట. ఎవడో?"

"అది తెలీదు సార్."

నిజానికి ఆ పోస్టులో రెండో వాక్యం ఒకటుంది. 'వాడికే తెలీదు పాపం.' దాని కింద గ్రూపంతా పడీపడీ నవ్వింది. జోకే కదా అని ఇస్త్రీ దాన్ని రిపోర్టులో వదిలేశాడు. రోజూ జోకుల్లో మునిగేవాడికి ఏది జోకో ఏది కాదో తెలియకుండా పోతుంది.

గది తలుపు తెరుచుకోకముందే లోపలికి పరిమళం వచ్చింది. వెనకే సెంటు మేడమ్ వచ్చింది. శత్రువుల దగ్గర పనిచేస్తూ మనకు కబుర్లు మోసే డబుల్ ఏజెంటు ఆమె. నల్లకళ్లద్దాలు, ఎర్ర స్కార్ఫు, ఏడంతస్తులూ వినపడే మడమల చప్పుడు. రహస్యంగా తిరగవలసిన మనిషికి అంత హంగెందుకని అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

"పెళ్ళికొడుకు వచ్చేలోపు మనవాడే వెళ్లి మాస్టారిని తెచ్చేస్తే సరిపోతుంది కదా," అంది ఆమె. "ఇస్త్రీని పంపండి. కంగారు పడే మనిషి కాదు."

పెద్దాయనకు అది భేషుగ్గా తోచింది.

వాటర్ ఫిల్టర్ మెకానిక్ వేషం. నీలం చొక్కా, భుజాన టూల్ బ్యాగు. చేతికి మైకున్న వాచీ, జేబులో పొగ వదిలే పెన్ను. ఆ పెన్ను డెమో రోజున తప్ప ఎన్నడూ పనిచేసిన పాపాన పోలేదు.

మాస్టారి ఇల్లు మొదటి అంతస్తు. రోడ్డు మీది గేటు నుంచి ఆరుబయట మెట్లు ఇంటి గుమ్మం దాకా పోతాయి. గేటు దగ్గర ఒక గార్డు, గేటు బయట డిపార్ట్‌మెంట్ కారు. ఇస్త్రీ మెట్లెక్కి బెల్లు కొట్టాడు.

"ఫిల్టర్ మార్చాలన్నారు," అన్నాడు. అది కోడ్. 'నీళ్లు కాదు, రోజులు బాగాలేవు' అని లోపలినుంచి జవాబు రావాలి.

తలుపు సందులోంచి ఒక ముసలావిడ చూసింది. మాస్టారి అక్కయ్య. "మా ఫిల్టర్ బ్రహ్మాండంగా ఉంది నాయనా," అని ధడాలున తలుపేసింది.

ఇస్త్రీ మళ్లీ బెల్లు కొట్టాడు. రెండోసారి ఆవిడకు కోడ్ గుర్తొచ్చింది గాని సగమే. "ఏవో బాగాలేవు, లోపలికి రా," అంది.

మాస్టారు శాలువా కప్పుకుని కుర్చీలో ముడుచుకుపోయి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎదురుగా బల్ల మీద చల్లారిపోయిన జావ.

"జ్వరం బాబూ. ఇవాళ రాలేను. వచ్చే వారం చూద్దాం."

"వచ్చే వారానికి వాళ్లు దేశం దాటేస్తారు మాస్టారూ."

"వాడు రాడు," అంది అక్కయ్య. "తెల్లారగట్ల నాకు పాడుకల వచ్చింది. ఇల్లంతా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, వీడు ఎక్కడా లేడు. నేను పంపను గాక పంపను."

ఇలాంటి మొండివాళ్లను కదిలించడం ఇస్త్రీకి వెన్నతో పెట్టిన విద్య. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"అంతమంది పెద్దవాళ్లు మీకోసం కూర్చున్నారు. మీ అక్కయ్యగారికి మంచి కల వచ్చాక మళ్లీ సమావేశం పెట్టుకోమని చెప్పనా మాస్టారూ?"

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. జీవితమంతా పిల్లలకు మూఢనమ్మకాలు వద్దని చెప్పిన మనిషి. "వద్దులే, పద," అంటూ లేచాడు. కాళ్లు వణికాయి. ఇస్త్రీ చెయ్యి అందించాడు. అక్కయ్య ఇద్దరినీ తిట్టుకుంటూ పిట్టగోడ దగ్గరికి వెళ్లి, కుండీల మధ్యలోంచి కిందికి చూస్తూ నిలబడింది.

మెట్లు దిగుతున్నారు. ముసలాయన చెయ్యి పెనంలా కాలిపోతోంది. ఆ వేడి అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది. వేడి తెలియడం ఇస్త్రీకే వింతగా అనిపించి ఒకసారి తన చేతి వంక చూసుకున్నాడు.

"నెమ్మది బాబూ. నీ వయసు కాదు నాది," అన్నాడు మాస్టారు. "నువ్వు పట్టుకున్నావు కాబట్టి దిగుతున్నాను గాని, లేకపోతే గడప దాటేవాణ్ణే కాదు."

గేటు దగ్గర సెంటు మేడమ్ ఉంది. ఆమె ఇక్కడికి రావాలని ఎవరూ చెప్పలేదు. గార్డును రోడ్డు వారకు తీసుకెళ్లి, చెయ్యి తిప్పుతూ ఏదో చెబుతోంది. గార్డు మెట్లవైపు వీపు పెట్టి, నోరు తెరుచుకుని వింటున్నాడు.

రోమ్‌లో కూడా ఒకడు ఇదే పని చేశాడు. సీజర్ అంగరక్షకుడిలాంటి స్నేహితుణ్ణి కబుర్లతో గుమ్మం బయటే ఆపేశాడు. గ్రూపులో వాణ్ణి 'వాగుడుకాయ' అంటారు.

వాగుడుకాయ వచ్చింది. మరి పెళ్ళికొడుకేడీ?

అప్పుడు ఇస్త్రీకి తను పైన అన్న మాట తన చెవిలోనే వినబడింది. మంచి కల వచ్చాక సమావేశం పెట్టుకోమని చెప్పనా? ఆ మాట తనది కాదు. డెసిమస్ సీజర్‌తో అన్నదే. గ్రూపులో రోజుకు పదిమంది దాన్ని పెట్టి పగలబడి నవ్వుతుంటారు. నెలల తరబడి చదివి చదివి తన నాలుకకు పట్టేసింది. 'వాడికే తెలీదు పాపం' అన్నది జోకు కాదు. ముఠాకు కొత్త మనిషి అక్కర్లేదు, డిపార్ట్‌మెంటే తన మనిషిని పంపుతుంది. జీతమిచ్చి, వాచీ ఇచ్చి, పొగ పెన్ను ఇచ్చి మరీ పంపింది.

కింద కారు అద్దం సగం దిగింది. స్టీరింగ్ దగ్గర ఉన్నది రోజూ వచ్చే డ్రైవర్ కాదు. అద్దం అంచున పిస్తోలుకు బిగించిన సైలెన్సర్ గొట్టం కనబడింది.

ఇస్త్రీకి భయమేసింది. ఈ ముసలాయన చచ్చిపోతాడు, నా చేతిలో చెయ్యి ఉండగానే చచ్చిపోతాడు. మళ్లీ పక్కనే.

అరిస్తే మాస్టారు ఆగి తల ఎత్తుతాడు. లాగితే ఇద్దరూ గురిలోనే ఉంటారు. ఆలోచించడానికి టైం లేదు.

చెయ్యి వదిలేశాడు.

బరువంతా ఆ చేతి మీదే మోపి ఉన్న మాస్టారు దబ్బున మెట్టు మీద కూలబడ్డాడు. ఆయన తల ఉండవలసిన చోటినుంచి తూటా దూసుకెళ్లి గోడ సున్నం రాల్చింది.

"ఒరే తమ్ముడూ!" అని పైనుంచి కేక. ఆ వెనకే ఒక పెద్ద కుండీ, మట్టితో మొక్కతో సహా, కారు అద్దం మీద పడింది. దారి కనబడని డ్రైవర్ బండిని ముందుకు దూకించి గేటు స్తంభానికి గుద్దాడు. గార్డు అప్పుడు వెనక్కి తిరిగాడు.

సెంటు మేడమ్ హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టింది. ఇస్త్రీ పొగ పెన్ను నొక్కాడు. ఎప్పట్లాగే పనిచెయ్యలేదు. దాన్నే తిప్పి విసిరితే ఆమె మణికట్టుకు తగిలి పిస్తోలు జారిపోయింది. ఈలోగా గార్డు రెండడుగుల్లో వచ్చి ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

"ఎలా కనిపెట్టావు?" అంది ఆమె. కళ్లద్దాలు ఊడిపోతే మామూలు అలసిన మనిషిలాగే ఉంది.

"నా మాట నాకే వినబడింది."

"నీకు ఏమీ అనిపించదనే కదా నిన్ను పంపమన్నాను. భయపడేవాడైతే మెట్ల మీద ఒక్కసారైనా ఆగుతాడు. నువ్వు ఆగవనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను," అన్నాడు ఇస్త్రీ. మెట్టు మీద మాస్టారి పక్కనే కూర్చుండిపోయి, ఎవరున్నారని కూడా చూడకుండా ఏడ్చాడు. బావమరిది కోసమో, ముసలాయన కోసమో అతనికే తెలియలేదు.

"నడుము విరిగింది నాకు, ఏడుపు నీకా?" అన్నాడు మాస్టారు. అంటూనే కాలిపోతున్న చెయ్యి అతని వీపు మీద వేశాడు. "నేనిక కదలను. వాళ్లనే ఇక్కడికి రమ్మను."

కమిటీ మొత్తం ఆ ఇంటికే వచ్చింది. కుర్చీలు చాలక సగంమంది నేల మీద చతికిలబడ్డారు. బూట్లతో లోపలికొచ్చిన ఉన్నతాధికారిని అక్కయ్య గుమ్మం దాకా వెనక్కి నడిపించింది. మాస్టారు నడుముకు వేడినీళ్ల సంచీ పెట్టుకుని, ముక్కు చీదుకుంటూనే సైఫర్ అంతా విప్పి చెప్పాడు. పాత బాకుతో సహా ముఠా అంతా దొరికింది. బాకు బంధువుల్లో మిగతావాళ్లకు ఏమీ తెలియదు. వాళ్లు బావ ఎడమచేతి వాటమా కాదా అని ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

వాచీలో పెద్దాయన గొంతు గరగరలాడింది.

"నీకిచ్చిన ఆర్డర్ ఏంటయ్యా?"

"మాస్టారిని మెట్లు దింపి కారెక్కించమన్నారు సార్."

"దింపావా?"

"లేదు సార్. సగంలో పడేశాను."

"ఒక ముసలాయన్ని మెట్లు దింపడం కూడా చేతకాదా నీకు?"

"చేతకాదు సార్."

అవతల కుర్చీ కిర్రుమంది.

"మంచిది," అన్నాడు పెద్దాయన. "ఇకమీదట నేను మెట్లు దిగేటప్పుడు కూడా నువ్వే తోడు రా."