తడవని రేకు

ఎండ ఇంకా తగ్గలేదు. ఆ పాత మేడ వెనక గోడకు మిగిలింది ఒక్క రేకే. దాన్ని దించేస్తే ఇంటికెళ్ళిపోవచ్చని నేనూ, మా బావమరిదీ హుషారుగా ఉన్నాం.

ఇవి ఆస్‌బెస్టాస్ రేకులు. గోడకు ఉన్నంతకాలం పిల్లిలా పడుంటాయి. విరిగాయో, కంటికి కనపడని దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది. అందుకే చుట్టూ ప్లాస్టిక్ పరదాలు కట్టి, ఒళ్ళంతా తెల్ల తొడుగు వేసుకుని, ముక్కూ నోరూ మాస్కుతో బిగించి, ముందు రేకును బాగా తడుపుతాం. తరవాత మరలు విప్పి, విరక్కుండా దించి, రెండు పొరల ప్లాస్టిక్‌లో చుట్టేస్తాం.

"బావా, పసిపిల్లకి స్నానం చేయించినట్టు ఎంతసేపు పోస్తావు?" అన్నాడు వాడు.

"నోరు మూసుకుని పట్టుకోరా."

నా చాదస్తం వాడికి నవ్వులాట. మా నాన్న ఈ రేకులు కోసే పనే చేసేవాడు. ఆయనకేమీ కాలేదు. రోజూ సాయంత్రం ఆయన చొక్కా గుమ్మంలో దులిపి ఉతికిన అమ్మ మాత్రం గాలి అందక గిలగిల్లాడి చనిపోయింది. నాకూ నాలుగేళ్ళ కూతురుంది. ఈ దుమ్ము నా వెంట మా గడప తొక్కకూడదు. నాకున్న భయమల్లా అదొక్కటే.

ఆ రేకు తడవలేదు.

ఎన్ని నీళ్ళు కొట్టినా పీల్చేసుకుని మళ్ళీ తెల్లగా పొడిబారిపోతోంది. పరదాల లోపల వెలుతురు పలచబడింది. తడి సిమెంటు వాసన. మాస్కులో నా ఊపిరి నాకే బరువుగా వినిపిస్తోంది. అప్పుడు రేకు వెనక నుంచి...

ఫట్... ఫట్...

బట్ట దులుపుతున్న చప్పుడు.

"గాలిలే," అన్నాను.

"గాలెక్కడిది బావా? అన్ని వైపులా మూసేశాంగా," గుసగుసలాడాడు వాడు.

ఆఖరి మర విప్పాం. రేకు దించి నేలమీద పెట్టాం. వెనక ఉత్త గోడ. ఏమీ లేదు. చప్పుడు ఆగింది.

నా వీపు మీద చెయ్యి పడింది.

వాడు నా ఎదురుగా ఉన్నాడు. వాడి రెండు చేతులూ రేకు మీదే ఉన్నాయి. నా భుజాలు ఎవరో దులుపుతున్నారు... మెల్లగా... ప్రేమగా... ఆ చెయ్యి నాకు తెలుసు. ఏడుపొచ్చింది. తడిసి ముద్దయిన నా తొడుగు మీంచి పొడి దుమ్ము పొగలా లేస్తోంది.

"అమ్మా... వద్దు," అన్నాను.

ఆగలేదు.

ఎలాగో బయటపడ్డాం. తొడుగులు నీళ్ళతో కడిగి, విప్పి, సంచిలో బిగించి కట్టేశాం. తల నుంచి పాదాల దాకా రుద్ది రుద్ది స్నానం చేశాను. వేరే బట్టలు వేసుకున్నాను. బావమరిది నా వంక చూడకుండానే వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా ఇంటికి చేరాను. గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"ష్... పాప ఇప్పుడే పడుకుంది," అంది మా ఆవిడ వంటింట్లోంచి వస్తూ. "చిత్రం చూడండి, ఇవాళ నేను జోకొట్టకుండానే."

గుమ్మంలోంచే తొంగి చూశాను. పాప మంచం మీద బోర్లా పడుకుని ఉంది. పక్కన ఎవరూ లేరు. వీపు మీద గౌను కొంచెం లోపలికి నొక్కుకుంటోంది... లేస్తోంది... మళ్ళీ నొక్కుకుంటోంది. నొక్కుకున్నప్పుడల్లా, కిటికీలోంచి పడుతున్న ఎండలో సన్నగా ఏదో పైకి లేస్తోంది.

పాప నిద్రలోనే దగ్గింది.