జిగురు గిన్నె

ఉప్మాలోకి అల్లం తరుగుతూ జయంతి గరాజ్ తలుపు వైపు చూసింది. దాని కింది సందులోంచి చల్లగాలి వంటింట్లోకి వస్తోంది. అవతల కూతురు ఇంద్రజ అప్పుడే పనిలో పడ్డట్టుంది. రెండువేల పధ్నాలుగు జనవరి అది. ఈ దేశమొచ్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నా ఇంత చలి జయంతి ఎరగదు.

"పిల్లని టిఫినుకి పిలవ్వే," అంది పూజ ముగించి వచ్చిన కనకదుర్గమ్మ. చలికాలం కూతురి దగ్గర గడుపుదామని కాకినాడ నుంచి వచ్చిందావిడ.

"పిలిచినా రాదమ్మా. దాని పనయ్యాకే తిండి."

ఇంద్రజ ఇంజినీరింగ్ చదివి కార్ల కంపెనీలో చేరింది. కిందటి వేసవిలో ఆ ఉద్యోగం మానేసి, పాత ఫర్నిచర్ బాగుచేసే వాల్టర్ అనే పెద్దాయన దగ్గర పని నేర్చుకుంటోంది. ఎవరైనా అడిగితే జయంతి "బ్రేక్ తీసుకుందండీ" అని మాట మార్చేస్తుంది. ఈ వారం చలికి వాల్టర్ వర్క్‌షాప్‌లో నీళ్ల పైపులు పగిలిపోతే, సామాను తడవకుండా అక్కడ పనిచేసేవాళ్లు తలా ఒక వస్తువు ఇళ్లకి పట్టుకెళ్లారు. ఇంద్రజ తెచ్చింది ఎప్పుడో మూడొందల ఏళ్ల కిందట ఫ్రాన్సులో చేసిన గడియారపు పెట్టె. ఎర్రగా మెరిసే తాబేలు డిప్ప పలకల మధ్య ఇత్తడి తీగలూ, ఆకులూ పొదిగారు. లోపలి చెక్క ఎండి కుంచించుకుపోవడంతో ఆ ఇత్తడి అక్కడక్కడా పైకి లేచింది. దాన్ని తిరిగి అతికించే పని వాల్టర్ మొదటిసారిగా ఇంద్రజ ఒక్కదానికే అప్పగించాడు. బాగా చేస్తే తన దగ్గరే పర్మనెంట్‌గా పెట్టుకుంటానన్నాడు.

తలుపు తెరుచుకుంది. ఇంద్రజ చేతులు రుద్దుకుంటూ లోపలికొచ్చింది.

"అమ్మా, ఇవాళ ఒక్కరోజు కిచెన్ వాడుకోనా? అక్కడ హీటర్ పెట్టినా యూజ్ లేదు. గ్లూ రాసి నొక్కేలోపే గడ్డకట్టేస్తోంది. మళ్లీ తీస్తుంటే షెల్ అంచు విరిగింది."

"జంతువుల తోలు ఉడకబెట్టి చేసే జిగురని నువ్వే చెప్పావు. అమ్మమ్మ వండుకునే స్టవ్ మీద అదెలా పెట్టనిస్తాను?"

"ఇంకో గ్లూ వాడకూడదు. ఇదైతే తర్వాత ఎవరైనా వేడిచేసి తియ్యొచ్చు. ఇలాగే వదిలేస్తే షెల్ ఇంకా క్రాక్ అవుతుందమ్మా."

"అవనీ. అప్పుడైనా బుద్ధిగా జాబ్ వెతుక్కుంటావు."

నోరు జారానని జయంతికి వెంటనే తెలిసింది. ఇంద్రజ తల్లి మొహంలోకి చూసింది.

"సో, ప్రాబ్లం గ్లూ కాదు," అంది నెమ్మదిగా. "నేను ఫెయిల్ అవ్వాలని నువ్వు వెయిట్ చేస్తున్నావు."

తలుపు విసురుగా వేసినా బావుండేది. మెల్లగా దగ్గరికి వేసి వెళ్లిపోయింది.

కనకదుర్గమ్మ చేతిలో ప్లేటు పక్కన పెట్టింది. "ఆ జిగురు సంగతి నన్నెప్పుడు అడిగావే నువ్వు?"

"అడిగేదేముందమ్మా? నీ ఆచారం నాకు తెలీదా?"

"నా ఆచారం నేను చూసుకుంటాను. ఓ పూట పాలూ పళ్లూ తింటే పోయేదేముంది? నీకు ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పు. నా పేరు చెప్పి దాన్ని చలిలో నిలబెట్టకు."

శాలువా కప్పుకుని గరాజ్‌లోకి నడిచిన తల్లి వెనకే జయంతీ వెళ్లింది.

ఇంద్రజ చేతులు చంకల్లో దాచుకుని బల్ల ముందు నించుని ఉంది. విరిగిన చిన్న డిప్పముక్క టిష్యూ మీద ఉంది.

"ఇది నిజం తాబేలుదేనా?" అడిగింది కనకదుర్గమ్మ.

"అవునమ్మమ్మా. ఇప్పుడు వాటిని చంపకూడదని చట్టం ఉంది. ఇది పోతే మళ్లీ రాదు."

"ఎన్నడో ప్రాణం పోయిన జీవి, పాపం. జాగ్రత్తగా చూడు," అంటూ మనవరాలి చేతులు బయటికి లాగి తన అరచేతుల్లో పెట్టుకుంది.

ఆ చేతుల్ని జయంతి అప్పుడు చూసింది. వేళ్ల కొసలు పగిలాయి. బొటనవేలికి ఇత్తడి గీసుకుపోయిన గాటు ఎండి నల్లబడింది. వేసవి నుంచీ కూతురు ఏం వదులుకుందో లెక్క చూసుకుందే తప్ప, ఏం చేస్తోందో ఒక్కసారైనా పక్కన నిలబడి చూసింది లేదు.

ఆమె బల్ల మీది జిగురు గిన్నె తీసుకుంది.

"ఇది నేరుగా స్టవ్ మీద పెట్టాలా, వేణ్ణీళ్లలో పెట్టాలా?"

ఇంద్రజ నమ్మలేనట్టు చూసింది. "వేణ్ణీళ్లలో. మరగకూడదు."

కాసేపటికి వంటిల్లంతా తడిసిన తోలు వాసన. కనకదుర్గమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని హాల్లోంచే "ఇంకా ఎంతసేపే తల్లీ" అని అడుగుతోంది. గడియారపు పెట్టెని వంటింటి బల్ల మీద పెట్టుకుని, ఇంద్రజ సన్న కుంచెతో జిగురు రాసి, లేచిన ఇత్తడి ఆకుని దాని గూట్లోకి కూర్చి, పైన కాగితమూ, వెచ్చని చెక్కముక్కా పెట్టి, మర తిప్పి బిగించే క్లాంప్ అందుకుంది.

"ఇక్కడ నొక్కి పట్టుకో. నేను క్లాంప్ బిగిస్తాను."

జయంతి రెండు చేతులా నొక్కి పట్టుకుంది. "అమ్మమ్మ పేరు ఊరికే చెప్పానురా," అంది తలెత్తకుండా. "మా అమ్మాయి ఏం చేస్తోందో నలుగురికీ చెప్పడానికి నాకే మొహం చెల్లలేదు. తప్పు నాది."

కన్నీళ్లు బుగ్గల మీదికి జారాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"చెయ్యి తియ్యకమ్మా," అంది ఇంద్రజ. తన స్వెటర్ చేతి అంచుతో తల్లి చెంపలు తుడిచి, అక్కడే ఆమె భుజానికి తల ఆనించింది.

"తియ్యనులే," అంది జయంతి.